320 రూపాయల పుట్టినరోజుల క్యాలెండర్: ఫిబ్రవరి 29 లేదు గానీ అదృష్ట సంఖ్య ఉంది

జనవరి రెండో వారంలో కొన్నా. కర్నూల్లో రాజ్‌విహార్ నుంచి నడుచుకుంటూ వస్తుంటే ఒక స్టేషనరీ షాపు బయట బల్ల మీద వరసగా పేర్చి పెట్టినారు. టేబుల్ మీద నిలబెట్టుకునే స్పైరల్ క్యాలెండర్, తేదీకి ఒక కాగితం, కాగితానికి ఆ రోజు పుట్టిన శాస్త్రవేత్తలో పండితులో ఒకరో ఇద్దరో. అట్ట మీద ఐన్‌స్టీన్ నాలుక బయట పెట్టిన ఫోటో. వారాలు ఉండవు, అందుకని ఏ ఏడాదికైనా పనికొస్తుందని అట్ట మీదే పెద్దక్షరాల్లో రాసినారు. ధర 350. "పిల్లోళ్ళకు పనికొస్తాది, తీస్కోండి సార్" అని షాపాయన 320కి ఇచ్చినాడు. నేను హైస్కూల్లో లెక్కల సారును, ఎనిమిదో తరగతి నాదే, సరే క్లాసులో పెడదామని తెచ్చినా. షాపు పేరు, అచ్చేసినోళ్ల పేరు ఇక్కడ రాయను, ఎందుకంటే కింద తిట్లు ఉన్నాయి.

ముందే చెప్పేస్తా: ఐదుకు మూడు స్టార్లు. పిల్లల్ని అడిగుంటే ఐదు ఇచ్చేవాళ్లు.

క్లాసులో పెట్టిన మొదటి రోజే గోల. నలభై మంది, అందరికీ ఒకటే పని, వాళ్ల తేదీ వెతుక్కోవడం. ఎవరి తేదీకి ఐన్‌స్టీన్ వస్తే వాడు ఆ రోజంతా కాలరెగరేసి తిరిగినాడు. అన్నట్టు, అట్ట మీద ఉన్న ఆ నాలుక ఫోటో ఐన్‌స్టీన్ 72వ పుట్టినరోజున, 1951 మార్చి 14న తీసిందే. పుట్టినరోజుల క్యాలెండర్ మీద పుట్టినరోజు ఫోటో! ఇంత చక్కటి సంగతి లోపల ఎక్కడా ఒక్క ముక్క లేదు. వాళ్లకు తెలిసి పెట్టినారో, బొమ్మ బాగుందని పెట్టినారో నాకైతే అనుమానమే.

ఇక అసలు కోపం. ప్రతి కాగితం కింద ఒక చిన్న డబ్బా ఉంది, "ఈ రోజు పుట్టినవారి అదృష్ట సంఖ్య, అదృష్ట రంగు" అని. సైన్సు క్యాలెండర్లో! నవంబర్ 7 తీస్తే పైన మేరీ క్యూరీ, సి.వి.రామన్, కింద అదృష్ట సంఖ్య 7. ఇది చూసి ఒక పిల్లోడు వెంటనే అడిగినాడు, "అంటే సార్, ఆ రోజు పుడితే నోబెల్ వస్తాదా?" తప్పు వాడిది కాదు, క్యాలెండర్ చెప్పినట్టే అడిగినాడు.

దానికి జవాబు ఈ క్యాలెండర్లోనే దొరకడం తమాషా. జనవరి 8 తీసి చూపించినా. ఆ కాగితం మీద ఇద్దరున్నారు, 1823లో పుట్టిన ఆల్‌ఫ్రెడ్ రస్సెల్ వాలెస్, 1942లో పుట్టిన స్టీఫెన్ హాకింగ్. వాలెస్ ఎనిమిదేళ్లు, 1854 నుంచి 1862 దాకా, మలయా దీవుల్లో అడవులు పట్టుకుని తిరిగి లక్షకు పైగా పురుగులు, పక్షులు, జంతువుల నమూనాలు పోగేసినాడు, జ్వరంతో పడుకుని ప్రకృతి వరణం (పరిస్థితులకు తగ్గ జీవులే నిలుస్తాయనే) ఆలోచన రాసి 1858లో డార్విన్‌కు పంపినాడు. హాకింగ్ చక్రాల కుర్చీలో కూర్చుని కృష్ణబిలాల గురించి లెక్కలు వేసినాడు. ఒకాయన కాళ్లతో, ఇంకొకాయన బుర్రతో. తేదీ ఒకటే. ఇద్దరికీ కింద డబ్బాలో అదృష్ట సంఖ్య 8 అట, అదృష్ట రంగు నీలమట! నల్ల స్కెచ్ పెన్ను పట్టుకుని 365 డబ్బాలు కొట్టేయడానికి నాకు రెండు ఫ్రీ పీరియడ్లు పట్టింది. మీరు కొంటే మీకూ ఈ పని తప్పదు.

సరే, బాగున్నవి చెప్తా, ఉన్నాయి కూడా. నవంబర్ 12 కాగితం నాకు బాగా నచ్చింది. 1842లో పుట్టిన లార్డ్ రాలీ, 1896లో పుట్టిన సలీం అలీ. ఆకాశం నీలంగా ఎందుకు కనిపిస్తుందో చెప్పినాయన ఒకరు, ఆ ఆకాశంలో ఎగిరే పిట్టల వెంట బతుకంతా తిరిగినాయన ఇంకొకరు. సలీం అలీ బట్టమేక పిట్టను మన జాతీయ పక్షిగా పెట్టాలన్నారని, ఆ పిట్ట కోసమే మన పక్కన రోళ్లపాడు అభయారణ్యం ఉందని చెప్పినప్పుడు పిల్లల మొహాలు చూడాలి. కాగితం మీద ఇది లేదు, నేను కలిపినా. కానీ కలపడానికి చోటిచ్చింది క్యాలెండరే కదా. ఇంకో ముక్క, సముద్రం నీలంగా కనిపించేది ఆకాశం నీడ పడి అని రాలీ అన్న మాటను 1921లో ఓడ ప్రయాణంలో తప్పని తేల్చింది ఎవరు? ఐదు కాగితాలు వెనక్కి తిప్పితే ఉన్న నవంబర్ 7 రామనే.

ఆ నవంబర్ 7 మీద ఇంకో తగాదా ఉంది నాకు. క్యూరీ 1867, రామన్ 1888 సరే. మధ్యలో 1878లో వియన్నాలో పుట్టిన లీజె మైట్నర్ ఏదీ? యురేనియం పరమాణువు రెండుగా చీలుతోందని భౌతికశాస్త్రం లెక్కతో వివరించినోళ్లలో ఆమె ఒకరు, కెమిస్ట్రీ నోబెల్ ఏమో 1944 ఏడాదికి ఆమెతో కలిసి పనిచేసిన ఆటో హాన్‌ ఒక్కడికే ఇచ్చినారు. నోబెల్ కమిటీ వదిలేసిందంటే దాని కతలు దానికున్నాయి, 320 రూపాయల క్యాలెండర్ కూడా వదిలేయాలా? తర్వాత 109వ మూలకానికి ఆమె పేరు పెట్టినారు, క్యూరీల పేరు 96కు ఉంది. అదలా ఉంచితే, ఆమె పుట్టిన తేదీకే ఒక కత ఉంది. వియన్నా యూదుల జనన రిజిస్టర్లో నవంబర్ 17 అని ఉంది, మిగతా కాగితాలన్నింట్లో నవంబర్ 7, ఆమె జీవితాంతం చేసుకున్నదీ 7నే.

ఇది చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది, ఎందుకంటే నా కతా అదే. మీలో సగం మందిదీ అదే అయ్యుంటుంది.

సర్టిఫికెట్లో నేను పుట్టింది జూలై 1. బళ్లో చేర్పించినప్పుడు సారు అడిగితే మా నాయన తల గోక్కున్నాడంట, సారే ఐదేళ్లు నిండేట్టు వెనక్కి లెక్కేసి జూలై 1 అని రాసేసినాడంట. మా స్టాఫ్‌రూమ్‌లో పదకొండు మందిమి ఉంటే నలుగురిది జూలై 1, ఇద్దరిది జూన్ 1. ఒకటో తేదీన పుట్టినోళ్లు ముందు నెల ఆఖరి రోజే రిటైర్ అవ్వాలని రూలుంది, అందుకని మేం నలుగురం ఏ ఏడాదైనా జూన్ 30నే పోతాం. అసలు ఎప్పుడు పుట్టినానని అడిగితే మా అమ్మ చెప్పేది, "చెనక్కాయలు పీకేటప్పుడు పుట్టినావు, కళ్లంలో మనుషుల్లేక మీ అవ్వ తిట్టింది" అని. చెనక్కాయ పీకేది అంటే అక్టోబర్ ఆఖరో నవంబర్ మొదలో. కాబట్టి నా అసలు పుట్టినరోజు నవంబర్ 7 అని నేనే తీర్మానించుకున్నా. కాదని చెప్పే రిజిస్టర్ ఎక్కడా లేదు.

అట్లాంటోణ్ణి క్యాలెండర్లో జూలై 1 తీసి చూస్తే గాట్‌ఫ్రీడ్ లైబ్నిట్స్! 1646, లైప్‌జిగ్. కలనగణితంలో ఈరోజుకీ మనం వాడే ఆ పొడుగు ఎస్ లాంటి గుర్తు, డీవై బై డీఎక్స్ రాసే పద్ధతి, ఆయన ఇచ్చినవే. సున్నా ఒకట్లతోనే అంకెలన్నీ రాయొచ్చని రాసినాడు, ఇప్పుడు మీ చేతిలో ఉన్న ఫోన్ నడిచేది ఆ సున్నా ఒకట్ల మీదే. లెక్కల సారుకు ఇంతకంటే ఏం కావాలి. ఉబ్బిపోయి స్టాఫ్‌రూమ్‌లో నలుగురికీ చూపించినా. సోషల్ సారు (ఆయనా జూలై 1 బాపతే) నిదానంగా చదివి, "అయినా ఆ రోజుల్లో లైప్‌జిగ్‌లో పాత క్యాలెండర్ గదా సార్?" అన్నాడు.

నిజమే. ప్రొటెస్టెంట్ జర్మన్ రాజ్యాలు పాత (జూలియన్) క్యాలెండర్ వదిలి, ఇప్పుడు మనం వాడే కొత్త (గ్రెగోరియన్) క్యాలెండర్‌కు మారింది 1700లో. లైబ్నిట్స్ పుట్టినప్పుడు వాళ్ల ఊళ్లో గోడ మీద తేదీ జూన్ 21. జూలై 1 అనేది తర్వాత లెక్కేసి మార్చిన తేదీ. అంటే ఆయనదీ మాదీ ఒకటే రకం, పుట్టింది ఒక తేదీ, కాగితం మీద జూలై 1! క్యాలెండర్లో దీని గురించి ఒక్క ముక్క లేదు. ఉంటే ఈ కాగితానికే ఐదు స్టార్లు ఇచ్చేవాణ్ణి.

ముక్క లేకపోతే పోనీ, తప్పు రాయకూడదు కదా. డిసెంబర్ 25 తీస్తే న్యూటన్. జనవరి 4 తీస్తే మళ్లీ న్యూటన్. రెండు చోట్లా అదే ఫోటో, అవే నాలుగు వాక్యాలు. పిల్లలు "సార్, ఇద్దరు న్యూటన్లా?" అని అడగరా మరి. పాత లెక్కలో 1642 డిసెంబర్ 25, కొత్త లెక్కలో 1643 జనవరి 4, అప్పటికి రెండింటికీ పది రోజులు తేడా, ఇంగ్లండ్ మారింది 1752లో. రెండు లైన్లు చాలు ఇది చెప్పడానికి. పైగా ఫిబ్రవరి 15న గెలీలియో కాగితంలో "గెలీలియో మరణించిన సంవత్సరమే న్యూటన్ జన్మించెను" అని మురిసిపోయినారు. గెలీలియో పోయింది 1642 జనవరి 8, అది ఇటలీ కొత్త క్యాలెండర్ తేదీ. న్యూటన్ 1642 అనేది ఇంగ్లండ్ పాత క్యాలెండర్ తేదీ. ఒకరి జొన్నలు పడితో కొలిచి, ఇంకొకరివి కిలోల్లో తూచి, రెండూ సమానం అన్నట్టుంది. ఏదో ఒక క్యాలెండర్ పట్టుకుని చూడండి, ఇద్దరివీ ఒకే ఏడాదిలో పడవు. హాకింగ్ మాత్రం గెలీలియో పోయి సరిగ్గా 300 ఏళ్లయిన రోజే పుట్టినాడు, అది నిజం, అదేమో జనవరి 8 కాగితంలో రాయలేదు!

తర్వాత ఫిబ్రవరి 29. ఏ ఏడాదికైనా పనికొచ్చే క్యాలెండర్ అని అట్ట మీద అచ్చేసి, లోపల ఫిబ్రవరి 28 తర్వాత నేరుగా మార్చి 1. మా క్లాసులో ఒక పిల్లది 2012 ఫిబ్రవరి 29న పుట్టింది, ఆస్పత్రి కాగితంతో సహా. అందరూ ఎగబడి వెతుక్కుంటుంటే ఆ పిల్ల రెండు కాగితాలు ఇటు తిప్పి అటు తిప్పి గమ్మున వెళ్లి కూర్చుంది. నాకు అప్పుడొచ్చిన కోపం అదృష్ట సంఖ్యకు కూడా రాలేదు. ఆ తేదీన ఎవరూ లేక వదిలేసినారా అంటే అదీ కాదు, 1860లో హెర్మన్ హొలరిత్ ఉన్నాడు. చిల్లుల కార్డులతో లెక్కపెట్టే మెషీన్ కనిపెట్టి 1890 అమెరికా జనాభా లెక్కలు తేల్చింది ఆయనే, ఆయన కంపెనీ తర్వాత ఐబీఎం అయిన కంపెనీలో కలిసింది. తెల్ల డ్రాయింగ్ కాగితం కోసి, హొలరిత్ బొమ్మ అతికించి, పంచింగ్ మెషీన్‌తో అంచుకు చిల్లులు పెట్టి మధ్యలో ఎక్కించినాం. చిల్లులు పెట్టింది ఆ పిల్లే.

మనోళ్ల సంగతి. జనవరి 12 కాగితంలో వివేకానందుడు ఉన్నారు, బాగుంది, ఆయన శాస్త్రవేత్త కాకపోయినా పండితుల లెక్కలో సరే. కానీ అదే రోజు, 1895లో, భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు లేరు. ఫోలిక్ ఆసిడ్, క్యాన్సర్‌కు వాడే మెథోట్రెక్సేట్, బోదకాలుకు వాడే హెట్రజాన్, వీటన్నిటి వెనకా ఉన్న మనిషి. తెలుగులో అచ్చేసి తెలుగోళ్లకు అమ్మే క్యాలెండర్లో! జనవరి 23న లెక్కల పండితుడు హిల్బర్ట్ (1862), భౌతికశాస్త్రం ఆయన యుకావా (1907) ఉన్నారు, అనంతపురం జిల్లా నుంచి వచ్చి అన్నమయ్య కీర్తనలకు స్వరాలు కట్టిన రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ (1893) లేరు. నవంబర్ 10 అయితే మరీ అన్యాయం. శాస్త్రవేత్త దొరకని రోజుల్లో వీళ్లు సామెతలతో నింపేసినారు, నవంబర్ 10న "నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుంది" అని ఉంది. ఆ రోజు పుట్టింది సి.పి.బ్రౌన్, 1798లో! 1820లో కడపకు వచ్చి, వేమన పద్యాలు వెతికి 1829లో అచ్చేసి, నిఘంటువులు రాసి పెట్టిన మనిషి. కడపలో ఆయన బంగళా ఉన్న చోటే ఇప్పుడు ఆయన పేరున లైబ్రరీ ఉంది. పండితులు అని అట్ట మీద వేసుకున్నాక బ్రౌన్ చోట సామెత పెట్టడం ఏంది?

అన్నిటికంటే నన్ను ఆపింది సెప్టెంబర్ 22. ఫారడే కాగితం. రాయడం వరకు క్యాలెండర్ మొత్తంలో ఇదే బాగుంది, ఎవరో మనసు పెట్టి రాసినట్టుంది. కమ్మరి కొడుకు, పుస్తకాలు బైండింగ్ చేసే షాపులో పనికి చేరి, బైండింగ్‌కు వచ్చిన పుస్తకాలే చదువుకుని, 1831లో అయస్కాంతం కదిలిస్తే తీగలో కరెంటు పుడుతుందని చూపించినాడు. మా క్లాసులో బండల ఫ్యాక్టరీల్లో పనిచేసే వాళ్ల పిల్లలు ఐదారుగురు ఉన్నారు, ఈ కాగితం నేను చదవలేదు, వాళ్లలో ఒకడితో చదివించినా. అయితే ఆ రోజే, 1834లో పుట్టిన రాబర్ట్ బ్రూస్ ఫుట్ ఈ కాగితంలో లేడు. 1863లో మద్రాసు దగ్గర పల్లావరంలో రాతి గొడ్డలి ఏరి, ఈ దేశంలో రాతియుగం మనుషులు తిరిగినారని చూపించిన జియాలజిస్టు. ఆయన ఇంకా ఎక్కడ తిరిగినాడు అనుకున్నారు, బేతంచెర్ల దగ్గర బిళ్ళసర్గం గుహల్లో, 1884లో, కొడుకును కూడా పెట్టుకుని ఎముకలు తవ్వినాడు. బెలుం గుహల గురించి మొదట రాసిందీ ఆయనే. మా పిల్లలు పోయినేడాది బెలుం టూరుకు పోయి సెల్ఫీలు దిగి వచ్చినారు, అక్కడ దీపాల వెలుతురు వెనక ఫారడే ఉన్నాడు, ఆ గుహ పేరు కాగితం మీదకెక్కడం వెనక ఫుట్ ఉన్నాడు, ఇద్దరిదీ ఒకటే పుట్టినరోజు. ఇది మాత్రం పెన్నుతో కాగితం అంచున నేనే రాసి పెట్టినా.

ఒక తేదీన ఇద్దరు ముగ్గురు గొప్పోళ్లు ఎట్లా పడతారని పిల్లలు అడుగుతూనే ఉన్నారు కాబట్టి ఒక పీరియడ్ దీనికే పోయింది. క్యాలెండర్లో ఇది లేకపోవడం మాత్రం క్షమించొచ్చు, లెక్కల సారుకు పని మిగిల్చినారు. 23 మంది ఉంటే చాలు, అందులో ఎవరో ఇద్దరి పుట్టినరోజు కలిసే అవకాశం సగానికి పైనే, నూటికి 50.7. ఎవ్వరూ నమ్మలేదు. ఒక్కొక్కరు మిగతా 22 మందితో చెయ్యి కలపండి, మొత్తం ఎన్ని జతలు? 23ను 22తో గుణించి సగం చేస్తే 253. అన్ని జతల్లో ఒక్కటీ కలవకుండా ఉండటమే కష్టం. 40 మందికి నూటికి 89. మా క్లాసులో నిజంగానే ఒక జత దొరికింది, ఇద్దరు ఆడపిల్లలు, ఆగస్టు 12. కాగితం తీస్తే అక్కడా జతే, ష్రోడింగర్ (1887), విక్రమ్ సారాభాయ్ (1919). ఆ రోజు నుంచి ఆ ఇద్దరూ ఒకే బెంచీ. ఇదే లెక్క స్టాఫ్‌రూమ్‌లో వేస్తే పనికిరాదు, పదకొండు మందిలో నలుగురు జూలై 1 అంటే అది సంభావ్యత కాదు, మా పాత సార్ల చేతిరాత.

భాష సంగతి చెప్పకపోతే పాపం. చాలా కాగితాలు మెషీన్‌తో తెలుగు చేసినట్టే ఉన్నాయి. మేరీ క్యూరీని "ఆయన రేడియంను కనుగొన్నాడు" అని రాసినారు. నోబెల్ కొన్ని చోట్ల నోబుల్, కొన్ని చోట్ల నోబల్. అక్టోబర్ 15న కలాం గారి కాగితంలో పక్కన టోరిసెల్లి (1608) ఉన్నాడు, ఆయన పాదరసం గొట్టాన్ని "బుధ గ్రహ గొట్టం" అని అనువాదం చేసి పెట్టినారు. ఇంగ్లీషులో పాదరసానికీ బుధుడికీ ఒకటే మాట కాబట్టి మెషీన్‌కు తెలీలేదు, మనిషి ఒక్కసారి చదివుంటే తెలిసేది. పిల్లలకు ఇది పెద్ద జోకు అయిపోయింది, ఇప్పుడు థర్మామీటర్ను కూడా బుధుడు అంటున్నారు.

అచ్చు, కట్టు: కాగితం మందంగానే ఉంది, రంగులు పర్వాలేదు. స్పైరల్ తీగ మాత్రం చేతకానిది, నలభై జతల చేతుల్లో పడ్డాక మూడో వారానికే ఒక కొన ఊడొచ్చింది, మార్చి నెల మొత్తం కింద పడి నెంబర్లు చూసి మళ్లీ ఎక్కించాల్సొచ్చింది. కొన్న వెంటనే రెండు కొనలూ కటింగ్ ప్లయర్‌తో లోపలికి వంచుకోండి. మా తెలుగు మేడం చూసి, "తిథీ లేదు, రాహుకాలం లేదు, ఇదేం క్యాలెండర్ సార్" అన్నది, ఆమెకు కావాల్సింది ఇది కాదు. ఇంట్లో పిల్లలు ఒకరిద్దరే ఉంటే ఒక రోజులో చూసి పక్కన పడేస్తారు, క్లాసుకో ట్యూషన్ సెంటర్‌కో అయితే పెట్టిన డబ్బు వస్తుంది.

షాపుకు మళ్లీ పోయి, ఫిబ్రవరి 29 లేదని, న్యూటన్ రెండుసార్లు ఉన్నాడని చెప్పినా. ఆయన క్యాలెండర్ తిప్పి చూసుకుని, "ఒకటి తక్కువ, ఒకటి ఎక్కువ, సరిపోయింది గద సార్" అన్నాడు. 350 అని చెప్తాడు, 300 దాకా అడగండి.